అసిరమ్మ లెక్కపెట్టిన నాలుగు గంటలు

బస, మొదటి రోజు

కేసు వేసినవాళ్ళ ఇంట్లోనే ఉండి, వాళ్ళ గిన్నెలు తోమి, ఆఖరికి కోర్టులో వాళ్ళ మీదే వాదించాలి. ఈ రూలు పెట్టిన పెద్దమనిషి ఎవరో గానీ ఒక్కరోజు కూడా లాయరుగా పనిచేసి ఉండడు. ఎర్రదిబ్బలో డాక్టర్ల మీద కేసు పడితే డాక్టరు తరఫు లాయరు వాది ఇంట్లోనూ, వాది తరఫు లాయరు డాక్టరు ఇంట్లోనూ విచారణ రోజు వరకూ బస చెయ్యాలి. వాళ్ళు తిన్నదే తినాలి, వాళ్ళ పనిలో చెయ్యి వెయ్యాలి, రోజూ ఇలా రాసి విచారణ అయ్యాక కోర్టుకి ఇచ్చెయ్యాలి. ఎందుకని అడిగితే, కేసయ్యాక కూడా అందరూ ఒకే కప్పు కింద ఒకే గాలి పీల్చాలి కదా అంటారు. అదీ నిజమే. అలిగి బయటికి పోవడానికి ఇది భూమి కాదు. ఇక్కడ బయట గాలి లేదు, ఎర్రదుమ్మే ఉంది.

నా పేరు పొట్నూరి విశాలాక్షి. డాక్టర్ల తరఫున వాదించడమే నా పని. ఇంతవరకూ ఓడిపోలేదు. ఆ సంగతి వినయంగా చెప్పడం నాకు చేతకాదు.

ఈసారి నా క్లయింటు డాక్టర్ హిమజ. భూమి నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. పెద్ద డాక్టరుగారి చేతులు వణకడం మొదలయ్యాక ఎర్రదిబ్బ మొత్తానికి కత్తి పట్టగలిగింది ఆమె ఒక్కతే. కేసు ఓడిపోతే కత్తి పట్టే అనుమతి తీసేస్తారు. ఆమెకి ఆ పని తప్ప ఇంకోటి రాదు, ఇంకోటి ఇష్టం కూడా లేదు.

కేసు వేసింది మజ్జి పైడమ్మ. ఆమె మొగుడు తవిటయ్య పంటల షెడ్డులో పనిచేసేవాడు. పై అరలోంచి నీళ్ళ తొట్టి జారి అతని ఎడమ డొక్క మీద పడింది. డాక్టర్ హిమజ పొట్టకి స్కాన్ తీసి, భయపడాల్సిందేమీ లేదని ఇంటికి పంపింది. పంపుతూ, "నాలుగు గంటలు చూడండి, అప్పటికీ నొప్పి తగ్గకపోతే నాకు ఫోన్ చెయ్యండి" అని చెప్పింది. తగ్గలేదు. ఫోన్ చేశారు. తీసుకొచ్చేసరికే లోపల రక్తం కారిపోయి, ఆపరేషన్ బల్ల మీదే తవిటయ్య పోయాడు. ఇదీ కేసు.

పైడమ్మ నన్ను గుమ్మంలోనే ఆపింది.

"రండి లాయరమ్మా. సెప్పులు అక్కడే దులపండి. దుమ్ము లోపలికి తెచ్చినారంటే గాలి జల్లెడ మీసేతే తోమిత్తాను."

శుభ్రంగానే దులిపాను. అయినా జల్లెడ నా చేతే తోమించింది. గోడలోంచి గాలి వచ్చేచోట ఉండే ఈ జల్లెడ మా ఇంట్లోనూ ఉంది గానీ, నేనెప్పుడూ దాని మొహం చూడలేదు, మా ఆయనే చూస్తాడు. తోముతుంటే ఎర్రటి బురద మోచేతుల దాకా కారింది. పైడమ్మ పక్కనే నిలబడి, మూలలు వదిలేశానని చూపించింది. మనిషి పొట్టి, మాట గట్టి. మొగుణ్ణి చంపావని డాక్టరు మీద కేసు వేసిన మనిషిలో ఉండాల్సిన కోపం మాత్రం ఎక్కడా కనిపించలేదు.

ఇంట్లో ఉన్నది ఇద్దరే. రెండో మనిషి తవిటయ్య తల్లి అసిరమ్మ. నేను వెళ్ళినప్పుడు మూల మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. "పెద్దమ్మా, నేను విశాలాక్షిని" అన్నాను. తిరగలేదు. గోడ గడియారం మీద తువ్వాలు కప్పి ఉంది. దులిపి మరిచిపోయారేమో అని తీయబోతే పైడమ్మ నా చెయ్యి పట్టుకుని, వద్దన్నట్టు తల ఊపింది.

బస, రెండో రోజు

పొద్దున చోడంబలి. మధ్యాహ్నం ట్రేలలో పెంచిన గోంగూర, గుప్పెడు అన్నం. పైడమ్మ చేతి గోంగూర గురించి దినచర్యలో రాయడం పద్ధతి కాదేమో గానీ, ఎదుటిపక్షాన్ని మెచ్చుకోకూడదని రూలేమీ లేదు.

అసిరమ్మ ముద్ద ముట్టలేదు. పైడమ్మ గ్లాసుతో అంబలి పెడితే పైన తేరిన నీళ్ళు రెండు గుక్కలు తాగి గ్లాసు కింద పెట్టేసింది. రోజంతటికీ అదే తిండి. ముంజేతులు పుల్లల్లా ఉన్నాయి. అత్తాకోడళ్ళ మధ్య ఒక్క మాట లేదు. కొడుకు పోయినందుకు అత్త కోడలి మీద కత్తి కట్టిందని నాకు అర్థమైపోయింది. ఇలాంటి ఇళ్ళు చాలా చూశాను. ఫోన్ ఆలస్యం చేసింది కోడలే అయి ఉంటుంది, అది రాబడితే మన పని సులువు అనుకున్నాను.

తిన్నాక ఆగువేళ వచ్చింది. ఈ దినచర్య ఎప్పుడైనా భూమి మీదివాళ్ళ చేతిలో పడితే వాళ్ళకోసం ఒక మాట. ఇక్కడి రోజు భూమి రోజుకన్నా నలభై నిమిషాలు పొడుగు. ఆ మిగిలినదాన్ని రోజంతా పులమకుండా మా పెద్దలు ఒక్కచోట కుప్పపోశారు. వేరే దిబ్బలవాళ్ళు అర్ధరాత్రి పెట్టుకున్నారట. మావాళ్ళు భోజనం తర్వాత, ఒంటిగంటకి పెట్టారు. ఇంతకన్నా తెలివైన పని మా పెద్దలు ఇంకోటి చేసినట్టు నాకు తెలీదు. గడియారాలు ఆగిపోతాయి, దీపాలు తగ్గిపోతాయి, అందరూ నడుం వాలుస్తారు. ఎవరూ ఎవరి తలుపూ కొట్టరు. ఆగువేళ లెక్కలోకి రాదు. ఆ వేళలో పుట్టిన పిల్లకి పుట్టినవేళ ఒంటిగంటే. ఆ వేళలో ఆడిన మాట కోర్టులో చెల్లదు.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాను. వాది తరఫు లాయరు కిల్లి జగన్నాథం డాక్టరు క్వార్టర్సు బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"మీకేం అమ్మా, గోంగూర తింటున్నారు. ఈవిడగారికి వంట రాదు. మూడు పూటలా ఉడికించిన చిక్కుళ్ళే. నేను కేసు గెలిచేదాకా బతకను," అన్నాడు.

"అదే మా ప్లాను," అని లోపలికి వెళ్ళాను.

డాక్టర్ హిమజని సాక్ష్యానికి తయారుచెయ్యడం మొదలుపెట్టాను. నేను జగన్నాథంలా గొంతు పెంచి అడుగుతాను, ఆమె జవాబు చెప్పాలి. అడిగినదానికి మాత్రమే చెప్పాలి, జడ్జిగారి మొహం చూసి చెప్పాలి, తెలియకపోతే తెలియదనాలి. ఆమెకి మొదటిది అస్సలు పట్టుబడదు. ఒక్క ముక్క అడిగితే పది ముక్కలు చెబుతుంది.

"ఫోన్ ఎప్పుడు వచ్చింది?" అన్నాను.

"నేను పంపించిన నాలుగు గంటల నలభై నిమిషాలకండి."

"కాదు డాక్టరుగారూ. పదకొండుకి పంపారు, మూడింటికి ఫోన్ వచ్చింది. సరిగ్గా నాలుగు గంటలు."

"మధ్యలో ఆగువేళ ఉంది కదండీ."

"ఆగువేళని ఎవరు లెక్కపెడతారండీ?"

"ఇక్కడ ఎవరూ లెక్కపెట్టరు, నాకు తెలుసు. కానీ రక్తం కారడం ఆగదు కదా విశాలాక్షిగారూ. నేను చెప్పింది మామూలు నాలుగు గంటలు."

ఇక్కడ పుట్టి పెరిగిన నాకు ఆ ముక్క తట్టనే లేదు. తవిటయ్య ఇంట్లో వాళ్ళకీ తట్టి ఉండదు. అంటే ఫోన్ నలభై నిమిషాలు ఆలస్యం. డాక్టరు చెప్పిన గడువు దాటబెట్టింది ఇంటివాళ్ళు. కేసు అక్కడితో అయిపోయింది. గెలుపు ఇంత తేలిగ్గా దొరికినందుకు పొంగిపోయి, మెట్ల మీద జగన్నాథానికి నా సంచిలోని వేరుశెనగలు కూడా ఇచ్చి వచ్చాను.

బస, మూడో రోజు

ఇవాళ అసిరమ్మ ఆ రెండు గుక్కలు కూడా తాగలేదు. మంచం దిగబోయి తూలింది. నేను పట్టుకున్నాను. మనిషి ఎంత తేలిగ్గా ఉందంటే భయం వేసింది. ఆసుపత్రికి తీసుకెళ్దామంటే మంచం కోడు గట్టిగా పట్టుకుంది.

భోజనమయ్యాక దీపాలు తగ్గాయి. నేను చాప మీద వాలాను. పైడమ్మ పడుకోకుండా వచ్చి నా పక్కన కూర్చుంది. ఆగువేళలో ఎవరూ మాట్లాడరు. ఆమె మెల్లగా, మంచం వైపు చూడకుండా మొదలుపెట్టింది.

"అత్తకి నామీద కోపమనుకుంతన్నారు కదా మీరు."

అవునన్నాను.

"కాదు లాయరమ్మా. అత్తకి అత్త మీదే కోపం. ఈ వీదికి ఒకప్పుడు ఆమే గంటమ్మ. గడియారాలు వాటంతటవే ఆగే రోజులు కావవి. ఆగువేళకి ముల్లు ఆపడం, మళ్ళీ తియ్యడం ఆమె సేతి పని. అంత కచ్చితం మనిసి. ఆ రోజు ఆయన మూలుగుతుంటే నాను రెండుసార్లు ఫోన్ కాడికి ఎల్లినాను. రెండుసార్లూ సెయ్యట్టుకుని ఆపింది. 'నాలుగ్గంటలు కాలేదే పైడీ, డాక్టరమ్మ సెప్పిన మాట దాటకూడదు, ఆగువేళలో ఆ బిడ్డని లేపకూడదు' అంది. గడియారం కింద కూకుని, కొడుకు కాలట్టుకుని లెక్కెట్టింది. మూడవగానే ఫోన్ సేసింది కూడా ఆమే."

"తర్వాత?"

"తర్వాతేటుంది. ఆయన పోనాడు. డాక్టరమ్మ బయటికొచ్చి, 'ఇంకో అరగంట ముందు తెచ్చుంటే' అని ఎల్లిపోనాది. ఆ మాట అత్త సెవిలో పడింది. ఇంటికొచ్చి గడియారం మీద తువ్వాలేసింది. అంతే. అప్పట్నుంచి మాట లేదు, తిండి లేదు. ఏడుపు కూడా లేదు. కొడుక్కోసం ఒక్క సుక్క కన్నీరు కార్సలేదు. తనే సంపీసినాననుకుంతంది."

"మరి డాక్టరు మీద కేసెందుకు వేశావు పైడమ్మా?"

"అడగడానికి."

"ఏమని?"

"ముందు తెస్తే బతికీవోడా అని. ఊరికే ఎల్లి అడిగితే ఓదార్పుకి ఏదో ఒకటి సెప్పీస్తాది. అత్త నమ్మదు. పెమాణం సేసి సెప్పాల. తన ఉజ్జోగం మీదికొచ్చే కాడ నిలబడి సెప్పాల. అప్పుడు నమ్ముతాది."

"బతికేవాడే అంటే?"

"అప్పుడు నానున్నాను కదా అత్తకి. తెలిస్తే ఇద్దరం కలిసి మోస్తాం. తెలీకే ఆమె ఇలాగైపోతంది."

దీపాలు పెరిగాయి. బయట వీధి గడియారం కదిలిన చప్పుడు వినిపించింది. పైడమ్మ గొంతు సవరించుకుని, రెండుసార్లు ఫోన్ దగ్గరికి వెళ్ళడం నుంచి మొత్తం మొదటినుంచీ మళ్ళీ చెప్పింది. ఎందుకు మళ్ళీ అని అడిగాను.

"ఇందాకటిది లెక్కలోకి రాదు కదా. ఇప్పుడొచ్చింది. కోర్టులో వాడుకోండి. నాను ఒప్పుకుంతన్నాను."

బసలో విన్నది వాడాలంటే ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి. ఏ వాదీ ఇలా ఒప్పుకోవడం నేనెప్పుడూ వినలేదు. నా గెలుపుని నా చేతిలో పెట్టి, ఆమె వెళ్ళి గోంగూర ట్రేలకి నీళ్ళు చల్లుకుంది. నాకు మాత్రం రాత్రి అన్నం సహించలేదు. గోంగూర తప్పేమీ లేదు.

బస, నాలుగో రోజు

డాక్టర్ హిమజని ఆ ప్రశ్నే అడిగాను. కోర్టులో ఏం చెబుతుందో నాకు ముందే తెలియాలి. జవాబు తెలియని ప్రశ్న సాక్షిని అడిగే లాయరు ఇంటికెళ్ళి వంట నేర్చుకోవచ్చు.

"ఆలోచించి చెప్పండి. నలభై నిమిషాలు ముందు ఫోన్ చేసి ఉంటే తవిటయ్య బతికేవాడా?"

ఆమె స్కాన్ మళ్ళీ తెర మీద పెట్టింది. అది చాలదన్నట్టు తవిటయ్య చేతి కంకణం తెప్పించింది. మా అందరి చేతికీ ఉండేదే, నాడి ఎలా కొట్టుకుందో దాచిపెడుతుంది. అప్పట్లో దాన్ని తెరిచి చూడాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. ఆమె కంకణంలో గీతని, స్కాన్‌ని పక్కపక్కన పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. నేను కుర్చీలో కునికిపాట్లు పడుతున్నాను. లేచి చూసేసరికి ఆమె మొహంలో రంగు లేదు.

"ఏమైందండీ?"

"ఇక్కడ చూడండి." స్కాన్‌లో డొక్క ఎముకల వెనక సన్నటి నల్లని చార చూపించింది. "ఆ రోజు ఇది నీడ అనుకున్నాను. నీడ కాదు, రక్తం. నేను ఇంటికి పంపేటప్పటికే లోపల కారుతోంది. ఈ నాడి చూడండి. ఒంటిగంట కాకముందే పరుగెడుతోంది. అప్పటికే సగం రక్తం పొట్టలోకి పోయింది. మన దగ్గర నిల్వ ఉన్న రక్తం దానికి చాలదు. నలభై నిమిషాలు ముందొచ్చినా, గంట ముందొచ్చినా అతన్ని నేను బతికించలేను."

"మరి ఎప్పుడైతే బతికేవాడు?"

"పొద్దున్నే. ఇంటికి పంపకుండా అప్పుడే కోసి ఉంటే. తప్పకుండా బతికేవాడు. నాలుగు గంటలు చూడమనడమే తప్పండి. ఎవరి లెక్కలో నాలుగు గంటలైనా."

ముందు తేరుకున్నది నేనే. తేరుకోవడమే నా వృత్తి.

"సరే. ఇది జగన్నాథానికి తెలియదు. అతని ప్రశ్నలు ఆగువేళ దాకా పోవు, ఈ చార దాకా అసలే పోవు. అడిగితే అబద్ధం చెప్పమనడం లేదు. కానీ ఎవరూ అడగరు. నేను ఆలస్యం గురించి మాత్రమే మాట్లాడతాను. జడ్జిగారు ఒప్పుకుంటారు. మీ కత్తి మీకు ఉంటుంది."

"మరి ఆ రోజు ఫోన్ చేసిన ముసలావిడ సంగతి?"

చెప్పకూడదని వచ్చాను గానీ, అడిగేసరికి చెప్పేశాను. తువ్వాలు కప్పిన గడియారం, ముట్టని అంబలి, పైడమ్మ మాటలు, అన్నీ. విన్నంతసేపూ ఆమె తన అరచేతులు చూసుకుంటూ కూర్చుంది.

"మీరే అడగండి విశాలాక్షిగారూ," అంది చివరికి. "కోర్టులో, నన్ను, ఆ ప్రశ్న."

నాకు ఒళ్ళు మండింది. "నేను మీ లాయరునండీ. నా చేత్తో మిమ్మల్ని ముంచమంటారా? పుణ్యం కావాలంటే గెలిచాక వాళ్ళింటికెళ్ళి చెప్పుకోండి."

"గెలిచాక చెబితే ఆవిడ నమ్ముతారా?"

నమ్మదు. పైడమ్మ చెప్పింది కదా.

"ఇంకో అరగంట ముందు తెచ్చుంటే, అని నేనే అన్నానండీ," అంది హిమజ. "అప్పుడు నాకేమీ తెలియదు. అలవాటుగా వచ్చేస్తుంది మాకు ఆ మాట. రోగి పోయినప్పుడు బయట నిలబడ్డవాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి కదా. అది అన్నాక నాకు కాస్త తేలికైంది కూడా. ఆ బరువంతా ఎక్కడికి పోయిందో ఇప్పుడు తెలిసింది."

"కత్తి పోతే ఇక్కడేం చేస్తారు?"

"తెలియదండీ. భయంగానే ఉంది."

భయమని ఒప్పుకునే సాక్షి నాకు ఇష్టం. అందుకే ఇంకా కోపం వచ్చింది. ఆలోచించుకోమని చెప్పి వచ్చేశాను. వాది ఆ ప్రశ్న అడగమంటోంది. ప్రతివాదీ అదే అడగమంటోంది. వద్దంటున్నది నేనొక్కదాన్నే. ఇదేం కేసో నాకు అర్థం కావడం లేదు.

బస, ఐదో రోజు

రేపు విచారణ. పొద్దున్నే ఎవరూ చెప్పకుండానే జల్లెడ తోమాను, మూలలతో సహా. పైడమ్మ గుగ్గిళ్ళు పెట్టింది. మెచ్చుకోవడం ఆమెకి అలా వచ్చు.

పైడమ్మ నీళ్ళ వంతుకి వెళ్ళినప్పుడు అసిరమ్మ మంచం మీంచి నన్ను పిలిచింది. ఆ గొంతు వినడం అదే మొదటిసారి. దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను.

"నువ్వు డాక్టరమ్మ మనిసివి కదా," అంది.

"అవును పెద్దమ్మా."

"రేపు కోర్టులో నాను ఆపినానని సెప్పీ. పైడి సెప్పదు. అది నన్ను దాస్తది. నువ్వు సెప్పీ. ముసిల్ది ఫోన్ సెయ్యనివ్వలేదు, ముసిల్దే సంపీసినాది అని సెప్పీ. ఆ బిడ్డని ఒగ్గీమను."

"ఎందుకు పెద్దమ్మా?"

"ఆ బిడ్డ సేతులు అందరికీ కావాల. నా సేతులు ఎవలికి కావాల?"

ఆ చేతుల్నే పట్టుకున్నాను. హిమజ చూసిన నల్లచార గురించి నోటిదాకా వచ్చింది. కానీ నేను చెబితే ఈమె నమ్మదు. ఓదార్పుకి చెబుతున్నానని మళ్ళీ గోడవైపు తిరుగుతుంది. నా క్లయింటు రహస్యం నేను బయటపెట్టకూడదు కూడా. గెలుపు కోసం నేను ఎన్నోసార్లు ఆశపడ్డాను గానీ, దాని మీద అసహ్యం వెయ్యడం ఇవాళే. ఆ ముసలమ్మ తనని తాను తీసుకొచ్చి నా చేతిలో పెట్టి, వాడుకో అంటోంది. వాడుకుంటే చట్టంలో తప్పేమీ లేదు. అందుకే నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

"రేపు మీరు కోర్టుకి రావాలి పెద్దమ్మా. మీరు వస్తేనే నేను మాట్లాడతాను," అన్నాను.

"నడవలేను."

"నేను ఎత్తుకుపోతాను. మొన్న పట్టుకుని చూశాను కదా, బరువేం లేరు."

ఆమె నా వైపు తిరిగి నన్ను పైనుంచి కిందికి చూసింది. నా వయసూ నా ఒళ్ళూ చూసి ఏమనుకుందో గానీ, "పడీసీవు," అంది.

సాయంత్రం హిమజ దగ్గరికి వెళ్ళి ఒకే మాట అడిగాను, నిర్ణయం మారిందా అని. మారలేదంది. సరే, అయితే రేపు జడ్జిగారిని చూడకండి, అసిరమ్మని చూసి చెప్పండి అన్నాను. ఇన్నాళ్ళూ నేర్పినదాంట్లో ఒకటి తీసేసి ఒకటి చేర్చాను. అంతకుమించి తయారీ ఏమీ లేదు.

విచారణ రోజు

ఓడిపోయాం. తప్పు డాక్టరుదేనని జడ్జిగారు తేల్చారు. డాక్టర్ హిమజ కత్తి పట్టే అనుమతి రద్దయింది. భూమి నుంచి ఇంకో సర్జను వచ్చేదాకా పెద్ద డాక్టరుగారు ఆ వణికే చేతులతోనే కొయ్యాలి, హిమజ పక్కన నిలబడి చెప్పాలి. ఊళ్ళో వాళ్ళు రేపటి నుంచి నన్ను ఏమంటారో నాకు తెలుసు. అననివ్వండి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పైడమ్మ, నేను చెరోవైపు పట్టుకుని అసిరమ్మని తీసుకొచ్చి ముందు బెంచీ మీద కూర్చోబెట్టాం. వాదినీ, వాది అత్తగారినీ ప్రతివాది లాయరు నడిపించుకు రావడం చూసి జగన్నాథం నోరు తెరిచాడు. అతను అడగాల్సినవన్నీ అడిగాడు. పాపం, చిక్కుళ్ళు తిని నీరసంగా ఉన్నా బాగానే అడిగాడు. నేను అనుకున్నట్టే ఆగువేళ దాకా వెళ్ళలేదు. నా వంతు వచ్చింది. లేచాను. అప్పటికీ నా మనసులో ఒక మూల కూర్చోమంటూనే ఉంది. అడక్కుండా కూర్చుంటే గెలిచినట్టే.

"డాక్టరుగారూ, మీరు చెప్పిన నాలుగు గంటల్లో ఆగువేళని కూడా కలిపి లెక్కపెట్టి, నలభై నిమిషాలు ముందు ఫోన్ చేసి ఉంటే తవిటయ్య బతికేవాడా?"

జగన్నాథం అభ్యంతరం చెప్పడానికి సగం లేచి, దేనికి చెప్పాలో తెలియక అలాగే ఉండిపోయాడు. జడ్జిగారు నన్ను వింతగా చూశారు. హిమజ అసిరమ్మ వైపు తిరిగింది.

"బతికేవాడు కాదండీ. నేను ఇంటికి పంపేటప్పటికే లోపల రక్తం కారుతోంది. స్కాన్‌లో అది కనిపిస్తూనే ఉంది, నేను గుర్తుపట్టలేదు. ఆగువేళ మొదలయ్యేసరికే నా చెయ్యి దాటిపోయింది. ఫోన్ ఎప్పుడు చేశారన్నదానితో సంబంధం లేదు. అతను ఇంటికి వెళ్ళకుండా ఉండాల్సింది. పంపింది నేను."

అసిరమ్మ బెంచీ అంచు పట్టుకుని ముందుకు వంగింది. సాక్షితో బెంచీ మీదివాళ్ళు మాట్లాడకూడదు. జడ్జిగారు ఆపలేదు.

"నన్ను ఊరుకోబెట్టడానికి సెప్తన్నావా బిడ్డా?"

"లేదమ్మా. ఈ మాటతో నా కత్తి పోతుంది. ఊరుకోబెట్టడానికైతే నేను అంత ఇవ్వలేను."

అసిరమ్మ ఆమె మొహం చాలాసేపు చూసింది. మనుషుల్ని అలా చూసి నిజం తేల్చగలిగితే మాలాంటివాళ్ళ అవసరమే ఉండదు. తర్వాత వెనక్కి వాలి, కోడలి చెయ్యి వెతుక్కుంది.

"తవిటయ్య సచ్చిపోనాడే పైడీ," అంది, ఆ కబురు అప్పుడే ఎవరో తెచ్చినట్టు.

"అవునత్తా."

"నా కొడుకు సచ్చిపోనాడే."

అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్ళూ కొడుకు కోసం ఏడవడానికి తనకి హక్కు లేదనుకున్న మనిషి, ఒంట్లో బలం లేకపోయినా పేరు పెట్టి పిలిచి, గుండెలు బాదుకుని ఏడ్చింది. పైడమ్మ ఆమెని పొదువుకుని తనూ ఏడ్చింది. జగన్నాథం కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. హిమజ బోనులో నిలబడి, కళ్ళు దించుకోకుండా వాళ్ళనే చూస్తూ ఉంది.

చాలాసేపటికి జడ్జిగారు నా వైపు తిరిగి, సాక్షిని ఇంకేమైనా అడిగేది ఉందా అన్నారు.

లేదన్నాను.